పిడికెడు బియ్యం

పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం చెరిగి, రాళ్లు ఏరి, కడగబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న ముంతలో వేస్తుంది. ఆ ముంత దేవుడిది. వారం చివర, కొన్ని ఊళ్లలో నెల చివర, అందులోని బియ్యం గుడికి చేరుతుంది. తెలుగు క్రైస్తవ ఇళ్లలో దీన్ని పిడికెడు బియ్యమనీ, గుప్పెడు బియ్యమనీ అంటారు. దేవుడు తమకు ఇచ్చినదాన్ని ఇంకొకరితో పంచుకోవడానికి క్రైస్తవులు పాటించే పద్ధతులు చాలా ఉన్నాయి. దశమ భాగం, ప్రథమ ఫలాలు, కృతజ్ఞతా కానుక, ప్రేమ విందు అన్నీ ఆ కోవలోవే. వాటిలో రోజూ జరిగేది, డబ్బుతో పని లేనిది, తీసి పెట్టడం ఆడవాళ్ల చేతిలోనే ఉన్నది ఈ ఒక్కటే.

దీనికి కొలపాత్ర అక్కరలేదు. గింజలు కొలవడానికి పల్లెలో గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, ఇరవై తూములు పుట్టి. ఆసామి కూలి కొలిచే కుంచం ఒకటి, అప్పు వసూలు చేసే కుంచం ఇంకొకటి అన్న మాట కూలి జనంలో ఊరికే పుట్టలేదు. ఎవరి చేతికి వాళ్లదే కొలత అయిన పిడికిలితో ఆ పేచీ లేదు. బిగించి తక్కువ తీయడం, వదులుగా పట్టి ఎక్కువ తీయడం రెండూ చేతికి తెలిసిన విద్యలే, కానీ ఆ లెక్క ఆ ఇల్లాలికీ దేవుడికీ మధ్యనే ఉండిపోయేది.

తెలుగులో ముష్టి అనే మాట చరిత్ర ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. గుమ్మం ముందు నిలబడ్డ జంగానికో దాసరికో పిడికిట్లో పట్టినన్ని గింజలు వేయడం ముష్టి వేయడమైంది. పోను పోను ఇచ్చే చేతి కొలత పేరు పుచ్చుకునేవాడికి అంటుకుని, చివరికి తిట్టుగా మిగిలింది. పిడికెడు బియ్యం కూడా అదే కొలత. తరతరాలుగా ఆసామి ఇంటి గుమ్మం బయట చేయి చాచి నిలబడ్డ మాల మాదిగ కుటుంబాలు, అదే కొలతతో తమ ఇంట్లోంచి ఇతరులకు తీసి ఇవ్వడం మొదలుపెట్టాయి. తెలుగు నాట ఈ ఆచారానికున్న బరువంతా అక్కడే ఉంది.

బైబిల్లో ఈ పేరుతో ఆచారమేదీ లేదు. దీనికి చుట్టాలనదగ్గవి మాత్రం ఉన్నాయి. పంటలో మొదటి పండ్లు గంపలో పెట్టి యాజకుడి దగ్గరికి తేవడం ద్వితీయోపదేశకాండంలో కనిపిస్తుంది. పొలం అంచులు కోయకుండా బీదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండం చెబుతుంది. రూతు బోయజు పొలంలో కోతగాళ్ల వెనక గింజలు ఏరుకున్న కథకు తెలుగు అనువాదకులు పరిగె అనే మాట వాడారు. కోత అయిన చేలో రాలిన వెన్నుల్ని బీద ఆడవాళ్లు ఏరుకోవడాన్ని పల్లెలో అనే మాట అదే. కాబట్టి రూతు ఎవరో, ఎలాంటి ఎండలో వంగి ఏరిందో తెలుగు కూలి మనిషికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అయితే పిడికెడు బియ్యం గురించి ప్రసంగించే అయ్యగార్లు ఎక్కువగా ఎత్తుకునేది సారెపతు విధవరాలి కథ. కరువులో ఇంట్లో మిగిలింది కొంచెం పిండి. దాంతో ముందుగా ప్రవక్తకు రొట్టె చేసిపెట్టి, తర్వాత తానూ కొడుకూ తిన్నది. కొంచెమే ఉండడం, అందులోంచే ముందు తీయడం అనే రెండూ ఆ కథలో ఉన్నాయి.

తొలి శతాబ్దాల సంఘాల్లో పంచుకోవడం భోజనం దగ్గరే జరిగేది. కలిసి తినే ఆ విందుకు గ్రీకులో అగాపే అని పేరు. తెలుగులో ప్రేమ విందు అయింది అదే. కొరింథులో ఉన్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టారని పౌలు గట్టిగా మందలించాడంటే, పంపకంలో పక్షపాతం మొదటి తరంలోనే మొదలైందన్నమాట. రెండో శతాబ్దం మధ్యలో రోమ్‌లో జస్టిన్ అనే రచయిత ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో వర్ణించాడు. కలిగినవాళ్లు తమకు తోచినంత ఇస్తారనీ, దాన్ని సంఘ నాయకుడు అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు వాడతాడనీ రాశాడు.

భారతదేశంలో ఈ పద్ధతికి పాత రుజువు కేరళలో ఉంది. అక్కడి సిరియన్ కాథలిక్ సంఘాల్లో వికార్ జనరల్‌గా పనిచేసిన కురియాకోస్ ఎలియాస్ చావర 1860లలో ప్రతి గుడి పక్కన బడి ఉండాలని ఆదేశించాడు. బడికి వచ్చే బీద పిల్లలకు మధ్యాహ్నం గంజి పోయాలి. దానికి బియ్యం కావాలి. ఇంటింటా వంట ముందు ఒక పిడికెడు తీసి ఉంచే పద్ధతిని ఆయన ఇందుకు వాడుకున్నాడు. మలయాళంలో దాని పేరు పిడియరి. పిడి అంటే మన పిడికిలే, అరి అంటే బియ్యం. చావర 1871లో చనిపోయాడు. 2014లో రోమ్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్లలో పిడియరిని తలిచేవాళ్లు కేరళ బయట తక్కువ.

తెలుగు దేశంలో పరిస్థితి వేరు. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో భూములున్నవాళ్లు, వర్తకులు ఉన్నారు. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కొత్తగా మతం తీసుకున్న మాలలు, మాదిగలు. వాళ్లలో ఎక్కువమంది పాలేర్లు, కూలీలు, తోలు పనివాళ్లు. వాళ్ల జీతం నాణేల్లో ఉండేది కాదు. పాలేరుకు ఏడాదికి ఇన్ని గింజలని మాట. మాదిగకు చెప్పులు, తొండం, పగ్గాలు కుట్టినందుకు కళ్లంలో మేర. కూలికి సాయంత్రం మానికెడో రెండు మానికలో. చేతికొచ్చే గింజే కూలి, అదే తిండి, అదే విత్తనం, అప్పు తీర్చేదీ అదే.

సరిగ్గా ఆ కాలంలోనే మిషన్లకు స్వయం పోషణ అనే ఆలోచన పట్టుకుంది. చర్చి మిషనరీ సొసైటీకి 1841 నుంచి 1872 వరకు కార్యదర్శిగా ఉన్న హెన్రీ వెన్ దాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. దేశీయ సంఘం తన పోషణ తానే చూసుకోవాలి, తన పాలన తానే నడుపుకోవాలి, తనను తానే విస్తరించుకోవాలి. లండన్‌లో కూర్చుని రాసిన ఈ మూడు సూత్రాలు బందరులో, ఒంగోలులో, దుమ్ముగూడెంలో గింజల లెక్కకు వచ్చి ఆగాయి. ఉపదేశికి నెలకు ఇన్ని రూపాయలు సంఘమే ఇవ్వాలంటే, రూపాయి ముఖం ఏడాదికి నాలుగుసార్లు చూసే మనిషి ఏమిస్తాడు? గింజే ఇస్తాడు. పిడికెడు బియ్యానికి మూలం భక్తేనని చెప్పుకోవడం బాగానే ఉంటుంది గానీ, డబ్బు లేకపోవడం కూడా అంతే పెద్ద మూలం.

ఒంగోలు చరిత్ర దీనికి మంచి సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడ మకాం పెట్టాడు. తొలి నాళ్లలోనే తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆయన దగ్గరికి వచ్చాడు. పేరయ్య అంతకుముందే గురువుల వెంట తిరిగిన మనిషి. గురువు ఊరికి వస్తే తిండి పెట్టి, గింజలిచ్చి పంపడం మాదిగ పల్లెల్లో పాత మర్యాద. క్లౌ ఆ మర్యాదను చెరపలేదు. ప్రచారకుడు పల్లెకు వస్తే పల్లె వాళ్లే అన్నం పెట్టాలి, కోతల్లో గింజలివ్వాలి. మిషన్ నుంచి అందేది పైసాయం మాత్రమే. అంటే పరదేశం నుంచి వచ్చిన స్వయం పోషణ సిద్ధాంతం నిలబడ్డది మాదిగ పల్లెలో అప్పటికే ఉన్న గురుదక్షిణ మీద.

1876–78 కరువు ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కను తారుమారు చేసింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ధర్మం కింద గంజి పోయకుండా పని చేయించి కూలి ఇప్పించడం అప్పట్లో చిన్న తేడా కాదు. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట పడకూడదని, సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువు సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ప్రపంచమంతా ఆ అంకెను చెప్పుకుంది. ఆ తర్వాతి పని మాత్రం ఎవరి కంటా పడలేదు. ఇన్ని వేలమంది ఉన్న పల్లెలకు ప్రచారకులు కావాలి, బడి పంతుళ్లు కావాలి. వాళ్లందరి కడుపూ పల్లెలే చూడాలి.

ఒంగోలు మెట్ట ప్రాంతం. అక్కడి ముంతలో పడింది చాలాచోట్ల బియ్యం కాదు. జొన్న, సజ్జ, వరిగ, కొర్ర పడ్డాయి. పైరు నీటి మీద పండే డెల్టాలో కూడా కూలివాడికి వరి అన్నం రోజూ దొరికేది కాదు. గోదావరి ఆనకట్ట 1852లో, కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక వరి పొలాలు పెరిగాయి, కూలి వడ్లలో కొలవడం పెరిగింది, బియ్యం మెల్లగా బీద ఇంటి పొయ్యి దాకా వచ్చింది. పిడికెడు బియ్యం అనే పేరు స్థిరపడింది డెల్టా మాటగానే అనుకోవాలి. మెట్ట పల్లెల్లో ముంతలో జొన్నలు వేస్తూ బియ్యమని పిలిచినవాళ్లు ఉంటే, అది కోరిక పేరే గాని సరుకు పేరు కాదు.

ముంతలో పడే గింజ ఎంతవుతుంది? ఆడమనిషి పిడికిలికి చేతిని బట్టి 30 నుంచి 50 గ్రాముల బియ్యం పడుతుంది. 40 అనుకుంటే, రెండు పూటలా కలిపి రోజుకు 80 గ్రాములు, నెలకు దాదాపు రెండున్నర కిలోలు. నలభై గడపల సంఘంలో అందరూ వేస్తే నెలకు సుమారు ఒక క్వింటాలు. ఒక ఉపదేశి కుటుంబం తిని, ఇద్దరు ముగ్గురు విధవరాళ్లకు పెట్టి, కొంత అమ్ముకోవచ్చు. పస్తున్న రోజు ముంత ఖాళీ. వానాకాలంలో పనుల్లేని రోజుల్లో సగం గడపలు ఖాళీ. అందుకే ఈ లెక్క కాగితం మీద ఉన్నంత నిండుగా ఎప్పుడూ ఉండదు. అయినా చందా వసూళ్లతో పోలిస్తే దీనిదే పైచేయి. రూపాయి ఒక్కసారిగా అడిగితే బరువు, పిడికెడు రోజూ తీస్తే తెలియదు.

ఈ పద్ధతికి తెలుగు నాట గట్టి పునాది దోర్నకల్‌లో పడింది. ఆ పునాది వేసిన సంఘం తమిళులది. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టలో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. మనుషులు మనవాళ్లు, డబ్బు మనది, యాజమాన్యం మనది అన్నది వాళ్ల పట్టుదల. వాళ్లు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. సింగరేణి బొగ్గు లైను చీలే రైల్వే జంక్షను, చుట్టూ అడవి, తెలుగు మాట్లాడే బీద పల్లెలు. 1906లో మొదటి బాప్తిస్మాలు జరిగాయి. సొసైటీ కార్యదర్శి వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే అక్కడికి కదిలాడు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని ఆ పల్లెల్లోనే ఉండిపోయాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

అజరయ్యకు ఇవ్వడం మీద ప్రత్యేకమైన పట్టు ఉండేది. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడుతూ, పాశ్చాత్యులు ఆస్తులు పంచారు, ప్రాణాలు ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండని అడిగాడు. ఆ సభలో చాలామందికి అది ముల్లులా గుచ్చుకుంది. పైనుంచి కిందికి పడే దానం స్నేహం కాదన్నది ఆయన మాటలోని సారం. అదే న్యాయాన్ని ఆయన దోర్నకల్ పల్లెలకూ వర్తింపజేశాడు. బీదవాళ్లు కదా, వాళ్లను కానుక అడగడమేమిటని దయ చూపించడం వాళ్లను శాశ్వతంగా పుచ్చుకునేవాళ్లుగా నిలబెట్టడమే అని ఆయన లెక్క. క్రైస్తవ దాతృత్వం గురించి ఇంగ్లిష్‌లో ఒక పుస్తకమే రాశాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే పౌలు మాటను పలికించేవాడు. మాటతో ఇవ్వడం, గింజతో ఇవ్వడం ఆయన దృష్టిలో ఒకే పని. ఈ కొలమానం కొంచెం కఠినమైనదే. ఆకలిగా ఉన్న ఇంటిని కూడా అది వదలదు. కానీ 1924 నాటికే ఆయన మేత్రాసనంలో ఇంగ్లిష్ గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది ఉన్నారంటే, ఆ కఠినత్వం ఫలించిందని ఒప్పుకోవాలి.

ముంతతో పాటు దోర్నకల్ పల్లెల్లో పెరిగింది కోత పండుగ. ఇంగ్లండ్‌లో గుళ్లలో జరిగే కోత పండుగకు ఇప్పటి రూపం 1843లో మొదలైంది. కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే ఊరి గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ దాన్ని జరిపాడు. మిషనరీలతో ఓడెక్కి వచ్చిన ఆ పండుగ తెలుగు పల్లెలో సంక్రాంతి గాలి పీల్చుకుని మరో మనిషిలా తయారైంది. గుడి లోపల బల్ల చుట్టూ వరి కంకుల కుచ్చులు వేలాడతాయి. అరటి గెల ఒక మూల, గుమ్మడికాయలు ఇంకో మూల. కాళ్లు కట్టేసిన కోడిపుంజు ప్రార్థన మధ్యలో కూస్తే పిల్లలు నవ్వుతారు, అయ్యగారు వినపడనట్టు ముందుకు సాగుతారు. మొక్కుకున్నవాళ్లు మేకపిల్లను తాడు పట్టుకుని లాక్కొస్తారు. ఏడాది పొడుగునా ముంతలో పోగుచేసిన బియ్యాన్ని కొందరు ఆ రోజే కుంచంతో తెచ్చి పోస్తారు.

ఆరాధన అయ్యాక వేలం పాట.  గుమ్మడికాయ ధర సంతలో ఎంతో అందరికీ తెలుసు, అయినా పాట దానికి నాలుగైదు రెట్లకు పోతుంది. తన పెరట్లో కాసిన కాయను తానే పాడి కొనుక్కుని, మళ్లీ గుడికే ఇచ్చేసి, రెండోసారి పాటకు పెట్టించే పెద్దమనుషులుంటారు. పట్టుదలకు పోయి పాడినవాళ్లు తర్వాత భార్యతో మాట పడడమూ ఉంది. గుడ్డు ఒక్కటే తెచ్చిన ముసలమ్మ గుడ్డు కూడా పాటకొస్తుంది. అది ఆమె తెచ్చిందని తెలిసినవాళ్లు కావాలని పాట పెంచుతారు.

అజరయ్య 1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠించాడు. గుమ్మటాలు, మినార్లు, మండపపు స్తంభాలు కలిసిన ఆ కట్టడం పూర్తి కావడానికి పాతికేళ్లు పట్టింది. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన కెథడ్రల్ అంతకు ముందే, 1924 డిసెంబర్ 25న, ప్రతిష్ఠ జరుపుకుంది. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి చూపించడానికే దాని నిర్మాణం సాగిందని మెదక్ చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. ఒకే దశాబ్దంలో మొదలైన ఈ రెండు గుళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. మెదక్ కథలో గుడి ఊరికి తిండి పెట్టింది. దోర్నకల్ బిషప్ ఊరు గుడికి పెట్టడం నేర్పాడు.

ఈ ఆచారాన్ని ఒక రాష్ట్రమంతా పాటించే స్థాయికి తీసుకెళ్లింది మాత్రం తెలుగువాళ్లు కాదు, మిజోలు. అప్పటి లుషాయి కొండల్లోకి మిషనరీలు లోరెన్, సావిడ్జ్ 1894 జనవరిలో వెళ్లారు. పదహారేళ్లకే, 1910లో, అక్కడి ప్రెస్బిటేరియన్ స్త్రీలు బుహ్ఫాయి థమ్ మొదలుపెట్టారు. బుహ్ఫాయి అంటే బియ్యం, థమ్ అంటే పిడికెడు. ఆ మరుసటి ఏడాదే వెదురు పూసి, ఎలుకలు పెరిగి, పంట పోయి మౌతామ్ కరువు వచ్చింది. ఆచారం ఆ దెబ్బకు చచ్చిపోలేదు. ఇంటింటా వంట ముందు తీసిన పిడికెళ్లను స్త్రీల సమాజం వాళ్లు వారం వారం తిరిగి వసూలు చేస్తారు. పోగైన బియ్యాన్ని అమ్ముతారు. చాలాసార్లు కొనుక్కునేదీ ఆ సంఘం వాళ్లే. వచ్చిన డబ్బుతో బైబిల్ స్త్రీలను, ఇతర రాష్ట్రాలకు పంపిన మిషనరీలను పోషిస్తారు. తెలుగు సంఘాల్లో ఈ ఆచారం ఊరిని బట్టి, అయ్యగారిని బట్టి పెరిగి తరిగింది. మిజో సంఘాల్లో లెక్క రాసే పద్ధతి మొదటి నుంచీ ఉండడం వల్ల అది నిధిగా మారింది. తేడా భక్తిలో లేదు, పుస్తకంలో ఉంది.

తెలుగు సంఘాలు పంపిన సాయమూ దూరాలకు చేరింది. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. వాళ్ల మధ్య పనిచేయడానికి తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యను 1903లో దక్షిణాఫ్రికా పంపింది. అంతకు అరవై ఏళ్ల ముందు అమెరికా నుంచి మిషనరీలు ఓడల్లో నెల్లూరు వచ్చారు. ఇప్పుడు నెల్లూరు నుంచి ఇంకో ఖండానికి మనిషి వెళ్లాడు. తిరునెల్వేలి తమిళులు తమ సొసైటీని స్థాపించింది కూడా అదే 1903లో.

ఈ చరిత్రలో గొడవలూ ఉన్నాయి. ముంతలో వేసేది ఇల్లాలు, గుళ్లో లెక్క చూసేది మగ పెద్దలు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఆడవాళ్లు అడిగే వీలు చాలా కాలం లేదు. కొన్నిచోట్ల ఇష్టంతో మొదలైన పిడికెడు, కొన్నాళ్లకు గడపకింతని కట్టుబాటైంది. కట్టనివాళ్ల ఇంట్లో పెళ్లికి ప్రార్థన పెట్టడానికి సణిగిన సంఘాలు ఉన్నాయి. ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినే ఆడమనిషి తీసిన పిడికెడు, నిజానికి ఎవరి కంచంలోంచి తగ్గిందన్న ప్రశ్న ఏ నివేదికలోనూ కనిపించదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు కులానిది. పచ్చి బియ్యానికి అంటు లేదు. వండిన అన్నానికే ఉంది. బ్రాహ్మణుడు కూడా ఇతరుల దగ్గర స్వయంపాకం పుచ్చుకుంటాడు, వండింది మాత్రం తినడు. కాబట్టి మాల ఇంటి బియ్యం, మాదిగ ఇంటి బియ్యం ఒకే బస్తాలో కలవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అదే బియ్యం ఒకే గుండిగలో ఉడికి ఒకే వరసలో వడ్డించాల్సి వస్తే అసలు పరీక్ష మొదలయ్యేది. మాల గుడి, మాదిగ గుడి అని విడివిడిగా నడిచిన ఊళ్లు తెలుగు నాట కొన్ని కాదు. పిడికెడు బియ్యం ఆకలిని పంచుకుంది గానీ పంక్తిని కలపలేకపోయింది.

పంక్తిని కలిపే పని ప్రేమ విందు మీద పడింది. తెలుగు ప్రాంతంలో దాన్ని పెద్ద ఎత్తున నడిపినవి బక్త్ సింగ్ సహవాసాలు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన బక్త్ సింగ్, 1941లో మద్రాసులో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులోని హెబ్రోనును కేంద్రం చేసుకున్నాడు. అక్కడ జరిగే పరిశుద్ధ కూడికలకు వేలమంది వచ్చేవాళ్లు. వాళ్లందరికీ భోజనం ఉచితం. నేల మీద బారులు తీరి కూర్చోవడం, ఆఫీసరు పక్కన రిక్షా మనిషి, అందరికీ ఒకే అన్నం, ఒకే కూర. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు జీతగాళ్లు కాదు, విశ్వాసులే. గురుద్వారా లంగరును చూసి పెరిగిన మనిషికి ఆ వరసలు కొత్త కావు. ఈ పోలికను ఆ సహవాసాల్లో ఎవరూ అంతగా ఎత్తరు గానీ, చూసినవాళ్లకు తట్టక మానదు. బక్త్ సింగ్ 2000 సెప్టెంబర్ 17న చనిపోయాడు. ఆదివారం ఆరాధన తర్వాత అన్నం పెట్టే అలవాటు ఆ సహవాసాలను దాటి ఎన్నో తెలుగు సంఘాలకు పాకింది.

కూలి డబ్బుల్లోకి మారడంతో ముంతకు మొదటి దెబ్బ తగిలింది. గింజ చేతికి రాని ఇంట్లో గింజ కానుక కూడా కొనుక్కొచ్చి ఇవ్వాల్సిందే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక మెట్ట పల్లెల్లో కూడా పొయ్యి మీద వరి అన్నమే ఉడకసాగింది. అప్పుడు ముంతలో నిజంగా బియ్యమే పడింది. కానీ అది చౌక డిపో బియ్యం. అయ్యగారికి ఇవ్వడానికి మొహమాటపడి, సన్న బియ్యం విడిగా కొని తెచ్చేవాళ్లు కొందరు, బియ్యానికి బదులు ఆ డబ్బే కవరులో పెట్టేవాళ్లు కొందరు. ఇప్పుడు పట్టణాల్లో కానుక సంచి పక్కన ఫోనుతో స్కాన్ చేసే అట్టముక్క కూడా ఉంటోంది. డబ్బు త్వరగా చేరుతుంది, లెక్కా తేలిక. ప్రతి వంటకూ ముందు ఒక్క క్షణం చేయి ఆగడం మాత్రం అందులో లేదు.

ఆచారం పూర్తిగా పోలేదు. కొన్ని పల్లె సంఘాల్లో స్త్రీల సమాజం వాళ్లు ఇప్పటికీ ఆదివారం బియ్యం సంచులు పట్టుకొస్తారు. గుడి గుమ్మం పక్కన మూత ఉన్న ఒక రేకు డబ్బా ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో పోసి లోపలికి వెళతారు. ఎవరి సంచి ఎంతో ఎవరూ చూడరు. ఆరాధన అయ్యాక ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఆ బియ్యాన్ని చెరుగుతారు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ కలిసే ఉంటాయి. వాటిని వేరు చేయరు, రాళ్లు మాత్రం ఏరతారు.